పండు ఎండేదాకా ఆగగలిగితేనే ఫలితం.. ఇండోనేసియా చిన్న రైతుల కాఫీ సేద్యం

కోసిన కాఫీ పండును ఆ వారమే అమ్ముకోవాలా, నెల రోజులు ఎండబెట్టి అమ్ముకోవాలా? ఇండోనేసియాలో కొండవాలు భూములను నమ్ముకుని బతుకుతున్న లక్షలాది కుటుంబాల ఆదాయం ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. పండును తొక్క తీయకుండా యథాతథంగా ఎండబెట్టే సహజ పద్ధతికి ఇటీవలి సంవత్సరాల్లో విదేశీ విపణిలో గిరాకీ పెరిగింది. ధరా ఎక్కువే. అయితే ఆ ధర చేతికందేలోపు వర్షం, బూజు, అప్పు అనే మూడు గండాలను రైతు దాటాల్సి ఉంటుంది. మన్యంలో కాఫీ పండిస్తున్న గిరిజన రైతుల పరిస్థితికి దగ్గరగా ఉన్న ఈ సేద్యం తీరుతెన్నులు ఇవి.

చిన్న కమతాలదే సింహభాగం

ప్రపంచంలో కాఫీని అత్యధికంగా పండించే దేశాల్లో బ్రెజిల్, వియత్నాం, కొలంబియాలతో పాటు ఇండోనేసియా పేరు చాలాకాలంగా వినిపిస్తోంది. అక్కడ సుమారు 12 లక్షల హెక్టార్లలో ఈ పంట ఉంది. అందులో 95 శాతానికి పైగా విస్తీర్ణం చిన్న రైతులదే కావడం విశేషం. ఒక్కో కుటుంబానికి ఉన్న తోట సాధారణంగా ఒకటి, రెండు హెక్టార్లకు మించదు. పెద్ద ఎస్టేట్లు తూర్పు జావా వంటి కొద్ది ప్రాంతాలకే పరిమితమయ్యాయి.

దిగుబడిలో అధిక భాగం రోబస్టా రకానిదే. దక్షిణ సుమత్రా, లాంపుంగ్, బెంగుళు ప్రాంతాలు దీనికి పుట్టిళ్లు. చల్లని వాతావరణం కోరే అరబికా వెయ్యి మీటర్లకు పైబడిన కొండల మీద పండుతుంది. ఆచే రాష్ట్రంలోని గాయో పీఠభూమి, ఉత్తర సుమత్రాలో తోబా సరస్సు పరిసరాలు, పశ్చిమ జావా కొండలు, బాలిలోని కింతామణి, సులవేసిలోని తొరాజా, ఫ్లోరెస్ దీవిలోని బజావా ఇందుకు ప్రసిద్ధి చెందాయి.

మలబారు మొక్క.. జావా తోట

ఇండోనేసియా కాఫీకి భారతదేశంతో ఉన్న అనుబంధం 3 శతాబ్దాల నాటిది. డచ్చివారు 1696లో మన మలబారు తీరం నుంచే కాఫీ మొక్కలను నేటి జకార్తా అయిన బతావియాకు తరలించారు. ఆ మొక్కలు వరదల పాలయ్యాయి. 1699లో మళ్లీ తెచ్చి నాటినవి నిలదొక్కుకున్నాయి. 1711 నాటికి జావా కాఫీ ఐరోపాకు ఎగుమతి కావడం మొదలైంది.

లాభం మాత్రం రైతుకు దక్కలేదు. 1830 నుంచి డచ్చి ప్రభుత్వం నిర్బంధ సాగు విధానాన్ని అమలు చేసింది. సర్కారు చెప్పిన పంటను పండించి, సర్కారు చెప్పిన ధరకే అప్పగించడం రైతుకు విధిగా మారింది. ఈ అన్యాయాన్ని ఎండగడుతూ ఒక మాజీ డచ్చి అధికారి ముల్తాతూలి అనే కలం పేరుతో రాసిన 'మాక్స్ హావెలార్' నవల 1860లో వెలువడి ఐరోపాలో సంచలనం సృష్టించింది.

1870ల చివర్లో ఆకు తుప్పు తెగులు విరుచుకుపడింది. తక్కువ ఎత్తులో ఉన్న అరబికా తోటలు నేలమట్టమయ్యాయి. తెగులును తట్టుకునే రోబస్టా 1900 ప్రాంతంలో జావాకు చేరి, క్రమంగా పల్లపు ప్రాంతాలన్నింటినీ ఆక్రమించింది. నేడు రోబస్టా మైదానానికి దగ్గరగా, అరబికా కొండ మీద కనిపించడానికి మూలకారణం ఆ తెగులే.

'అప్పు తీర్చే' మొక్క

ఇండోనేసియా రైతులు సాగు చేస్తున్న అరబికా రకాల్లో ఎస్-795 ఒకటి. కర్ణాటకలోని బాలెహొన్నూరు కాఫీ పరిశోధన కేంద్రంలో రూపొందిన ఈ వంగడం తూర్పు జావాలోని జెంబర్ పరిశోధన సంస్థ ద్వారా అక్కడి రైతులకు చేరింది. అందుకే వారు దానిని 'జెంబర్' అని పిలుచుకుంటారు. తిమోర్ దీవిలో 1920లలో అరబికా, రోబస్టాలు సహజంగా కలిసి పుట్టిన సంకరానికి 'తిమ్ తిమ్' అని పేరు. ఈ సంకరం వారసత్వంతో వచ్చిన పొట్టి రకం 'అతెంగ్' గాయో ప్రాంతంలో విస్తారంగా కనిపిస్తుంది.

ఉత్తర సుమత్రాలో ప్రాచుర్యం పొందిన మరో రకం 'సిగరార్ ఉతాంగ్'. బటక్ భాషలో ఈ పేరుకు 'అప్పును త్వరగా తీర్చేది' అని అర్థం. తొందరగా కాపుకొచ్చి ఏడాది పొడవునా కొద్దికొద్దిగా కాయడం దీని గుణం. మొక్కకు పెట్టుకున్న పేరులోనే రైతు అవసరం తెలిసిపోతోంది.

నారుమడిలో పెంచిన మొక్కలను తొలకరికి తోటలో నాటుతారు. మూడో ఏడాదికి కాపు మొదలవుతుంది. వాన పడిన కొద్ది రోజులకు తెల్లని పూత వస్తుంది. అరబికా కాయ ముదిరి పండటానికి 8 నుంచి 9 నెలలు, రోబస్టాకు 10 నెలల దాకా పడుతుంది. నీడ కోసం సుబాబుల్, దదప్ వంటి చెట్లను తోటలో ఉంచుతారు. వీటి ఆకులు రాలి నేలకు ఎరువవుతాయి. వేర్లు నత్రజనిని అందిస్తాయి. కింతామణిలో నారింజ, గాయోలో అవకాడో, మిరప వంటివి అంతరపంటలుగా వేస్తారు. కాఫీ ధర పడిపోయిన ఏడాది ఇల్లు గడిచేది వీటితోనే.

వర్షం నేర్పిన తడి మర

సుమత్రాలో భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న కొండల మీద ఏడాదిలో ఎక్కువ నెలలు వానలు కురుస్తూనే ఉంటాయి. గాయోలో ప్రధాన కోతలు సాగే సంవత్సరాంతపు నెలల్లోనూ ఆకాశం తెరిపి ఇవ్వదు. గింజను పూర్తిగా ఎండబెట్టడానికి వారాల తరబడి ఎండ దొరకని ఈ నేల మీద పుట్టిన పద్ధతే 'గిలింగ్ బాసాహ్'. అంటే తడిగా ఉండగానే మర ఆడించడం.

ఈ పద్ధతిలో రైతు ఉదయం కోసిన పండ్లను సాయంత్రం చేతితో తిప్పే పల్పరులో వేసి తొక్క తీస్తాడు. జిగురు వదిలేందుకు రాత్రంతా తొట్టిలోనో, సంచిలోనో నానబెట్టి పొద్దున్నే కడుగుతాడు. కొన్ని గంటలు ఎండలో ఆరబోసి, సగానికి సగం తేమ ఉండగానే పార్చ్‌మెంటును వారపు సంతలో అమ్మేస్తాడు. కొన్న వ్యాపారి మరికొంత ఆరబెట్టి, 30 నుంచి 35 శాతం తేమ ఉండగానే మర ఆడించి పై పొర తీయిస్తాడు. పొర లేని గింజ త్వరగా ఆరుతుంది. నీలి ఛాయతో కూడిన ఆకుపచ్చ రంగు, కప్పులో పులుపు తగ్గి చిక్కదనం హెచ్చడం సుమత్రా కాఫీకి ఈ పద్ధతి వల్ల వచ్చిన గుర్తింపు.

రైతుకు ఇందులో ఉన్న వెసులుబాటు వేరు. కోసిన రెండు, మూడు రోజుల్లో చేతికి సొమ్ము అందుతుంది. ఎండబెట్టే భారం, చెడిపోయే ముప్పు వ్యాపారి మీదకు వెళ్తాయి. బదులుగా ధర నిర్ణయించే అధికారం కూడా ఆయన చేతికే పోతుంది. పార్చ్‌మెంటులో నీరెంత, గింజ ఎంత అన్నది అంచనా వేసేదీ ఆయనే.

పండును పండుగానే ఎండబెడితే..

సహజ పద్ధతి కాఫీ ప్రపంచంలో అన్నిటికన్నా పాతది. ఇండోనేసియా రోబస్టా రైతులకు ఇది కొత్తేమీ కాదు. లాంపుంగ్ పల్లెల్లో ఇళ్ల ముందు, రోడ్ల పక్కన పండ్లు ఎండబోయడం తరతరాలుగా ఉన్న అలవాటే. పచ్చివి, దోరవి, పండినవి ఒకేసారి దూసి నేల మీద పరచడం వల్ల మట్టి వాసన, బూజు చేరి తక్కువ శ్రేణి సరుకుగా అమ్ముడయ్యేది. పద్ధతి అదే అయినా జాగ్రత్త మారడం వల్లనే నేడు దానికి గౌరవం దక్కింది. 2010 తర్వాత బాలి, పశ్చిమ జావా, ఫ్లోరెస్, గాయోలలో కొందరు అరబికా రైతులు ఈ మార్గం పట్టారు.

మొదటి మెట్టు కోత. దీనికి అక్కడి వాడుక మాట 'పెతిక్ మెరా'. అంటే ఎర్రని పండును మాత్రమే కోయడం. ఒకే కొమ్మ మీది పండ్లన్నీ ఒకేసారి పండవు. కాబట్టి 10, 15 రోజుల వ్యవధితో అదే చెట్టు వద్దకు పలుమార్లు వెళ్లాలి. కూలి ఖర్చు పెరిగేది ఇక్కడే.

రెండోది నీటి పరీక్ష. కోసిన పండ్లను తొట్టి నీటిలో పోస్తారు. తాలు కాయలు, కాయతొలుచు పురుగు తిన్నవి తేలతాయి. వాటిని తీసివేసి మునిగినవాటినే ఎండకు తీసుకెళ్తారు. పచ్చివి, పగిలినవి చేతితో ఏరివేస్తారు.

మూడోది ఎండబెట్టడం. నేలకు నడుము ఎత్తులో వెదురు లేదా కర్రలతో మంచెలు కట్టి, పైన వల పరచి పండ్లను పలుచగా పోస్తారు. కింద నుంచీ గాలి తగలడం ఈ మంచెల ప్రయోజనం. మొదటి రోజుల్లో పండు మీద పండు పడకుండా ఒకే పొరగా ఉంచాలి. తడి తగ్గిన తర్వాతే పొర మందం పెంచాలి. పగలు పలుమార్లు తిరగవేయాలి. రాత్రి మంచు పడకుండా, చినుకు రాలితే తడవకుండా పరదా కప్పాలి. వానలు ఎక్కువగా ఉండే చోట్ల పారదర్శక ప్లాస్టిక్ కప్పుతో గుడారం వంటి ఎండబెట్టే గదులు నిర్మిస్తున్నారు. వాటిలోనూ గాలి ఆడేలా, వేడి 40 డిగ్రీలు మించకుండా చూసుకోవాల్సిందే.

కోసినప్పుడు పండులో 60 శాతానికి పైగా తేమ ఉంటుంది. అది 11, 12 శాతానికి దిగేసరికి వాతావరణాన్ని బట్టి 3 నుంచి 5 వారాలు పడుతుంది. ఆ లోగా పండులోని తీపి, గుజ్జు నెమ్మదిగా పులిసి, ఆ ప్రభావం గింజకు పడుతుంది. కప్పులో పండ్ల వాసన, తీపి, చిక్కదనం వచ్చేది ఈ కారణంగానే. పండు నల్లబడి గట్టిపడి, గుప్పిట్లో పట్టి ఊపితే లోపల గింజ గలగలమంటే ఎండినట్లు లెక్క. తేమ కొలిచే పరికరం ఉన్నచోట దానితో నిర్ధారించుకుంటారు. ఆ తర్వాత కొన్ని వారాలు తొక్కతోనే నిల్వ ఉంచి, అమ్మే ముందు మర ఆడిస్తారు.

నీటి వాడకం చాలా తక్కువ కావడం ఈ పద్ధతిలో మరో మేలు. కడిగే పద్ధతిలో మాదిరిగా జిగురు నీరు వాగుల్లో కలిసే బెడద లేదు. పల్పరు అవసరమూ ఉండదు. మర ఆడించగా మిగిలిన తొక్క కుళ్లి తోటకే ఎరువవుతుంది.

ముప్పు రైతుదే

సుమారు 100 కిలోల పండ్లు ఎండితే 40 కిలోల ఎండు చెర్రీ మిగులుతుంది. మర ఆడించి, నాసి గింజలు ఏరేస్తే చివరికి తేలేది 16 నుంచి 20 కిలోలే. నెల రోజుల శ్రమంతా ఆ కొద్ది గింజల నాణ్యత మీద ఆధారపడి ఉంటుంది.

వరుసగా మూడు, నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మంచె మీది పండ్లు బూజు పట్టి, అతిగా పులిసి పుల్లని దుర్వాసన వేస్తాయి. అలాంటి సరుకును ప్రత్యేక కాఫీగా ఎవరూ కొనరు. మామూలు ధరకు కూడా కోత పడుతుంది. బూజు వల్ల ఓక్రాటాక్సిన్ అనే విషపదార్థం చేరే ప్రమాదమూ ఉంది. దీనిపై ఐరోపా దేశాలు పరిమితులు విధించాయి. తడి మర పద్ధతిలో వ్యాపారి మోసిన ముప్పు సహజ పద్ధతిలో మొత్తంగా రైతు భుజం మీదకు వచ్చి పడుతోందన్నది గమనించాల్సిన విషయం.

అంతకుమించిన చిక్కు సొమ్ముది. కోత కాలంలోనే బడి ఫీజులు, ఎరువుల బాకీలు, కూలీల చెల్లింపులు మీద పడతాయి. 5 వారాలు ఎండబెట్టి, మరికొన్ని వారాలు నిల్వ ఉంచి, కొనేవారి కోసం ఎదురుచూసే స్తోమత అప్పుల్లో ఉన్న కుటుంబానికి ఉండదు. పెట్టుబడికి ముందుగా అప్పిచ్చిన దళారికే పంట అమ్మాల్సిన పరిస్థితి ఉన్నచోట ఎంచుకునే అవకాశమే లేదు. అందువల్ల సహజ పద్ధతి ఎంత లాభసాటి అయినా పంటలో కొద్ది భాగానికే పరిమితమవుతోంది. రైతుల్లో పలువురు తోటలోని మంచి పండ్లలో కొంత మాత్రమే మంచె మీదకు చేర్చి, మిగిలినది పాత పద్ధతిలోనే అమ్ముతున్నారు. ఇంటి ఖర్చుకు అది, ఎక్కువ ధరకు ఇది అన్నది వారి లెక్క.

ధరలు మండిపోయినప్పుడు లెక్క మళ్లీ తారుమారవుతుంది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా పౌండు ధర 4 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. మామూలు సరుకుకే అంత ధర పలుకుతుంటే, నాణ్యత కోసం నెల రోజులు కాపలా కాసినవారికి అదనంగా మిగిలేది తగ్గిపోతుంది.

సంఘమే అండ

ఒక్కో రైతు విడిగా మోయలేని ఈ భారాన్ని సంఘం పంచుకున్న చోట ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. బాలిలోని కింతామణి ఇందుకు ఉదాహరణ. ఆ దీవిలో వరి నీటిని పంచుకునే 'సుబక్' సంఘాలు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. 2012లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మెట్ట భూముల రైతులకూ 'సుబక్ అబియాన్' పేరిట అలాంటి సంఘాలే ఉన్నాయి. దైవం, మనిషి, ప్రకృతి మధ్య సామరస్యాన్ని బోధించే 'త్రి హిత కరణ' సూత్రం వీటికి పునాది. మన సంస్కృత పదాలే అక్కడ రైతు సంఘాల నియమావళిగా నిలవడం ఆసక్తికరం.

ఈ సంఘాల ఐక్యతతోనే కింతామణి కాఫీ 2008లో ఇండోనేసియాలో తొలి భౌగోళిక గుర్తింపు పొందింది. సభ్యులు ఎర్ర పండ్లనే అందించాలన్నది నియమం. సంఘం పండును తాజాగా కొని సొమ్ము చెల్లిస్తే, ఎండబెట్టే పని, నిల్వ, మర, బేరం సంఘం బాధ్యత అవుతాయి. రైతుకు రావాల్సిన డబ్బు ఆగదు. సరుకు చెడితే నష్టం అందరి మధ్య పంపకమవుతుంది. కింతామణి కాఫీకి మొదట పేరు తెచ్చింది కడిగే పద్ధతే అయినప్పటికీ, కోతలు సాగే నెలలు బాలిలో వాన తక్కువ కాలం కావడం వల్ల సహజ పద్ధతికీ ఆ ప్రాంతం అనువుగా మారింది.

గాయో కాఫీకి 2010లో దేశీయంగా, 2017లో ఐరోపా సమాఖ్యలో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ సహకార సంఘాలు బలంగా ఉన్నాయి. మహిళలే సభ్యులుగా, మహిళలే నిర్వాహకులుగా నడిచే సంఘం కూడా ఉండటం విశేషం. పండ్లు ఏరడం, తిరగవేయడం వంటి పనుల్లో అధిక భాగం స్త్రీలే చేస్తున్నందున ఆదాయం వారి చేతికి అందడం న్యాయం కూడా.

మన్యం రైతుకు తెలిసిన కథే

అల్లూరి సీతారామరాజు జిల్లాలోని పాడేరు, అరకు, చింతపల్లి ప్రాంతాల గిరిజన రైతులకు ఈ వివరాలన్నీ పరిచయమున్నవే. ఇక్కడా తోట ఒకటి, రెండెకరాలే. నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు కనిపిస్తాయి. జెంబర్ పేరుతో ఇండోనేసియాలో పండుతున్న ఎస్-795 మన్యం తోటల్లోనూ ఉంది. అరకు లోయ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఎండు చెర్రీగా అమ్మాలా, పల్పరులో వేసి పార్చ్‌మెంటుగా అమ్మాలా అన్న ప్రశ్న మన్యం రైతుకూ ఏటా ఎదురయ్యేదే. నేల మీద, ఇంటి కళ్లంలో, పచ్చి పండుతో కలిపి ఎండబెట్టిన చెర్రీకి ధర తక్కువ పలుకుతుంది. ఎర్ర పండును ఏరి మంచె మీద ఎండబెట్టిన చెర్రీ విలువ వేరు. నవంబరు నుంచి జనవరి వరకు సాగే కోతల కాలంలో సుమత్రా కన్నా మన్యంలో ఎండ దయ ఎక్కువే. నవంబరు, డిసెంబరు తుపానుల భయం మాత్రం ఉంటుంది. ఇండోనేసియా రైతులు ఏళ్ల తరబడి పోరాడుతున్న కాయతొలుచు పురుగు 2025లో అరకు ప్రాంతంలోనూ కనిపించింది. అందువల్ల రాలిన కాయలను తోటలో వదలకుండా ఏరివేయడం, కోత తర్వాత చెట్టు మీద కాయ మిగల్చకపోవడం ఇకపై ఇక్కడా తప్పనిసరి.

ఇండోనేసియా అనుభవం చెబుతున్నది ఒక్కటే. సహజ పద్ధతికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఎర్ర పండు, వెదురు మంచె, పరదా ఉంటే చాలు. కొరవడేది నెల రోజులు ఆగగలిగే స్తోమత. పండు అందిన రోజునే రైతుకు సొమ్ము చెల్లించి, ఎండబెట్టే ముప్పును తన మీద వేసుకునే సంఘం ఉన్న ఊరిలో ఈ కాఫీ రైతును నిలబెడుతోంది. అలాంటి అండ లేని చోట రైతు తడి గింజను తూకం వేయించి, వచ్చినంత తీసుకుని సంత నుంచి ఇంటి దారి పడుతున్నాడు.